ఉప్పుకుండ కూతురు

మొన్న మద్రాసు పురసవాక్కంలో చర్చి స్త్రీల సదస్సుకు పోతే, లోపలికి అడుగు పెట్టకముందే మా అక్క నా పరువు తీసింది.

వాకిట్లో బల్లేసుకోని ఇద్దరు ఆడపిల్లలు కూచోనుండారు. వచ్చినోళ్ళ పేరు రాసుకోవడం, మెడలో వేసుకునే అట్టముక్క ఇవ్వడం వాళ్ళ పని. నా వంతు వచ్చింది. "పాటీ, మీ పేరు చెప్పండి" అనింది ఒక పిల్ల. అరవంలో అవ్వను అట్ల పిలుస్తారు. నేను నోరు తెరిచేలోపల వెనకాల నుంచి మా అక్క, "ఇదా? ఇది ఉప్పుకుండ కూతురు. అదే రాసుకో పో" అనేసి పకపకా నవ్వింది. ఆ పిల్లలకు ఏం తెలుస్తాది? వాళ్ళూ నవ్వినారు. నేనూ నవ్వినా. అరవై ఏండ్లుగా ఆ మాటకు నవ్వతానే ఉండా.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు, మా నాయన వాళ్ళన్న బిడ్డ. నాకన్నా నాలుగేండ్లు పెద్ద. మోకాళ్ళు పోయినాయిగానీ నోరు పోలా. మాయమ్మను ఆ పేరుతో పిలిచినోళ్ళంతా పోయి చేరినారు. పేరు మాత్రం మా అక్క నోట్లో భద్రంగా ఉండాది.

లోపలికి పోయినాం. ఏసీ వేసి ఒళ్ళు జివ్వుమంటా ఉండాది. కుర్చీలన్నిటికీ తెల్లబట్ట తొడిగి వెనకాల ముడేసినారు. పాటల పుస్తకం అక్కర్లేదంట, మాటలు గోడమీదనే వస్తాయి. అంతా బాగుండాది, తప్పు పట్టను. కానీ నా కండ్లు ఒకదానికోసం వెతుకుతా ఉండాయి. పక్కనుండే పిల్లను అడిగినా, "బియ్యం ఏడ పోస్తారు మ్మా?"

"ఏం బియ్యం పాటీ?" అనింది ఆ పిల్ల. "బిర్యానీ డబ్బాలు ఒంటిగంటకొస్తాయి."

దాని తప్పు కాదు. ఎవురైనా చెప్పుంటే గదా తెలిసేది. ఆ సంగతి ఎత్తితే మా పాస్టరమ్మ "నువ్వు చెప్పు అవ్వా, నేను రాసుకుంటా, సంఘం పత్రికలో వేస్తాం" అనింది. నాకు సంతకం వచ్చు, పాటల పుస్తకంలో పెద్దక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే నా చదువు. గొంతు చూస్తే ముప్పై ఏండ్లు ఆసుపత్రి నేల తుడిచి, మందునీళ్ళ ఘాటుకు గీరుకుపోయిన గొంతు. ఆయన పోయినాక ఆ గొంతుతోనే ముగ్గురు పిలకాయల్ని గదమాయించి పెంచినా. మెత్తగా చెప్పడం నాకు రాదు. ఉండేది ఉన్నట్టు చెప్తా.

మాది ఎన్నూరు. ఇప్పుడు ఎన్నూరంటే లారీలు, బూడిద, మూతికి గుడ్డ కట్టుకోని నడిచే రోడ్డు. అప్పుడు ఉప్పుమళ్ళు. కంటికి ఆనినంత దూరం చదరంగా గట్లు కట్టి, అందులో నీళ్ళు, ఆ నీళ్ళలో ఆకాశం. నెల్లూరు పక్కనుంచి మా తాతల కాలంలో ఉప్పు లాగే కూలికి వచ్చినోళ్ళం. మా వీధిలో ఉండేదే పద్నాలుగు ఇండ్లు, అన్నీ తెలుగోళ్ళవే. వీధి చివర తాటాకు గుడిసెలో మా చర్చి. మట్టి నేల, పేడతో అలికేది. ఆరాధనలో మోకాళ్ళూనితే చీరకు పేడ వాసన అంటుకోని ఇంటిదాకా వచ్చేది.

ఎండాకాలమంతా మాయమ్మా నాయనా మళ్ళలో ఉంటారు. పొడుగు కర్రకు చెక్క పలక కట్టి ఉప్పు గట్టుకు లాగేది మా నాయన. తట్టలో ఎత్తి కుప్ప పోసేది మాయమ్మ. దాని అరికాళ్ళు ఎట్లుండేవంటే, రాత్రి పక్కలో తగిలితే గీరుకునేది. ఇంటికొచ్చినాక చింతపండు పులుసులో ఎండుచేప వేసి, మూత తీసిందంటే ఆ వాసనకు వీధిలో కుక్కలు కూడా లేచి కూచునేటివి. వానలు మొదలైతే మళ్ళు మునిగిపోతాయి. పనుండదు. ఆ మూడు నెలలు పొయ్యి పూటకొకసారి కాదు, దినానికొకసారి వెలిగేది.

అయినా పిడికెడు మానేది లేదు. ఎసట్లో బియ్యం పోసే ముందర ఒక పిడికెడు తీసి పక్కన చట్టిలో వేయాల. అది దేవుని పిడికెడు. ఇంట్లో ఉండేదే రెండు పిడికిళ్ళయినా ఒకటి దానికి. శనివారం సాయంత్రం మాయమ్మ పెద్ద కుండ చంకనెత్తుకోని ఇల్లిల్లూ తిరుగుతాది. ఒక ఇంట్లో రేషను బియ్యం, ముక్కిపోయిన వాసన. ఒక ఇంట్లో లావు ఉప్పుడు బియ్యం. ఇంకో ఇంట్లో నూకలు. ఎవురైనా మంచింట్లో పాచిపనికి పోయుంటే సన్న బియ్యం. అన్నీ ఒక కుండలోనే. మూతికి గుడ్డ కట్టి మా ఇంట్లో మూల పెట్టేది. ఏడాదికొకసారి పట్నంలో తెలుగు సంఘాల స్త్రీల మహాకూటం జరిగేది, మూడు దినాలు. అన్ని సంఘాల పిడికెడు బియ్యం ఆడ పోసి, వచ్చినోళ్ళందరికీ ఆ బియ్యమే వండి పెడతారు.

ఆ కుండ మా ఇంట్లో ఉండడం మా పెద్దమ్మకు గిట్టదు. "పెద్దకోడలు నేనుండంగా దానింట్లో పెట్టడమేంది" అని చర్చి అయ్యగారితో పోట్లాడింది. అయ్యగారు "నీకు నోరెక్కువమ్మా, కుండకు కావలసింది మూత" అనినాడంట. ఆ మాట వీధంతా తిరిగింది. పెద్దమ్మ మర్చిపోలా.

మాయమ్మకు కుండమీద గర్వం లేదు. దాని ఆశంతా ఆ మూడు దినాలమీద. ఎందుకంటే మహాకూటంలో ఒక కట్టడి ఉండేది. ఆ మూడు దినాలు ఆడోళ్ళు పొయ్యికాడికి పోకూడదు. వండేది మగోళ్ళు, వడ్డించేది మగోళ్ళు, ఆకులెత్తేది మగోళ్ళు. మాయమ్మ నా తలకు నూనె రాస్తా రాస్తా చెప్పేది:

"ఆడ కూచుంటే చాలు మే. మగోడు వంగి బువ్వ పెడతాడు. ఇంకొంచెం ఎయ్యన్నా అంటే ఏస్తాడు. మనం లెయ్యబళ్ళా, లేచే పనే లేదు."

"నాయన కూడా పెడతాడా?"

"మీ నాయనా? ఆయన వడ్డిస్తే నేను అడక్కుండానే చాలంటా. ఆ చెయ్యి చూస్తేనే కడుపు నిండతాది."

ఒక ఏడు మా తమ్ముడు పుట్టి పోలేకపోయింది. మరుసటేడు మా జేజి, మా నాయన వాళ్ళమ్మ, మంచంలో పడి పోలేకపోయింది. ఇంగొక ఏడు మా నాయనకు కాలు తెగింది. ఈ ఏడు ఎట్లయినా పోవాలని ఉండే ఒక్క తెల్లచీర నీలిమందులో ముంచి, ఎండబెట్టి, పాతగుడ్డలో చుట్టి పెట్టుకోనింది. వారానికొకసారి విప్పి చూసి మళ్ళీ చుట్టేది.

ఇంగ నా సంగతి చెప్తా. నాకు అప్పుడు తొమ్మిదో పదో.

మా వీధికి జవ్వుమిఠాయి ఆయన వచ్చేవాడు. పొడుగు వెదురు బొంగు, దానికి చుట్టూ రోజా రంగు తెల్లరంగు కలిసిన పాకం ముద్ద, పైన ఒక బొమ్మ. కింద తాడు లాగితే బొమ్మ రెండు చేతులా తాళం కొడతాది. ఆ చప్పుడు వినబడితే నా కాళ్ళు ఆగవు. ఆయన పాకం ముద్దలో రొంత లాగి, సాగదీసి, మెలిపెట్టి, మన మణికట్టుకు గడియారం చుట్టి పెడతాడు. గడియారానికి ముళ్ళు కూడా పెడతాడు. దుడ్లు లేకపోతే బియ్యం పోసినా తీసుకునేవాడు.

మొదటి దినం కుండలో ఒకే పిడికెడు తీసినా. నా పిడికిలి ఎంత, ఇంత. కట్టిన గుడ్డ మళ్ళీ కట్టినా. సాయంత్రందాకా ఆ గడియారం నాకినా. రొంత కొరకడం, టైము చూసుకోవడం. అక్కకు కూడా చూపించి "నాకు ఆయనే ఊరికే ఇచ్చినాడు" అని చెప్పినా. అక్కకు కడుపుమంట.

ఆయన వచ్చినప్పుడల్లా ఒక పిడికెడు. వానలు పడినన్ని దినాలు ఇదే పని. ఇంట్లో కడుపునిండా కూడు లేని దినాల్లో నా చేతికి గడియారం ఉండేది. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గు.

ఒకనాడు పెద్దమ్మ ఏదో అప్పు తీసుకోను వచ్చినట్టు వచ్చి, కాలితో కుండను రొంత జరిపి చూసింది. "ఏమే, తేలిగ్గా జరగతాందే?" అనింది. మాయమ్మ, "వానాకాలం గదక్కా, జనం ఇచ్చేదే తక్కువ" అనింది.

మర్నాడు ఇంట్లో ఎవురూ లేనప్పుడు బియ్యమంతా చాటలోకి గుమ్మరించినా. మా ఇంట్లో దేనికి కరువున్నా ఉప్పుకు కరువు లేదు. తలుపు వెనకాల గోతాము నిండా ఉండేది. కుండ అడుగున ఉప్పు పోసి, పైన బియ్యం పోసి, గుడ్డ కట్టేసినా. కుండ నిండుగా కనపడింది. నా తెలివికి నేనే మురిసిపోయినా.

కుండ మాత్రం ఊరుకుంటుందా? నాలుగు దినాలకు అడుగు చెమర్చింది. ఉప్పు గాలిలో తేమ తాగతాది గదా. మాయమ్మ తడిమి చూసి "వానగాలి పట్టింది" అని దాని కింద బూడిద పోసింది. ఉప్పులో పుట్టి ఉప్పులో పెరిగిన మనిషి, దానికి అనుమానం రాలా. దేవుని కుండలో ఎవురైనా చెయ్యి పెడతారని దాని బుర్రకే రాలా.

వానలు వెనకబట్టినాయి, మళ్ళు ఇంకా మొదలుకాలా. ఆ నడిమి దినాల్లోనే మహాకూటం. తెల్లార్తోనే రైలెక్కినాం. వీధి ఆడోళ్ళందరూ, చంకల్లో పిలకాయలు, చాపలు చుట్టలు, తాటాకు బుట్టల్లో పులుసన్నం పొట్లాలు. కుండ మాయమ్మ ఒళ్ళో. రైలు కదిలినాక పాట ఎత్తినారు, పాట అయిపోయినాక నోళ్ళు ఎత్తినారు.

"నీ మొగుడికి మూడు దినాలు ఎవురు ఒండతారే?"

"ఎవురో ఎందుకు ఒండాల? సద్దికూడు కుండలో నీళ్ళు పోసి, పక్కన ఉల్లిగడ్డ పెట్టొచ్చినా. ఉల్లిగడ్డ తరుక్కోవడం వస్తే తరుక్కుంటాడు, రాకపోతే కొరుక్కుంటాడు."

"నీ మొగుడు నయం. మావోడు ఉల్లిగడ్డ ఏడుండాదని పట్నానికి వచ్చి అడగతాడు."

మాయమ్మ నవ్వి నవ్వి కండ్లు తుడుచుకోనింది. అది అట్లా నవ్వడం నేను అంతకుముందు చూళ్ళా. పెద్దమ్మ ఎదురుగా కూచోని కుండ పక్కే చూస్తా ఉండాది.

పురసవాక్కంలో ఒక పెద్ద చర్చి ఆవరణ. కొబ్బరి మట్టలతో పందిరి, కింద ఇసక. ఒక పక్క గోతులు తవ్వి పొయ్యిలు, వాటిమీద మనిషి దిగి స్నానం చెయ్యగలిగినంత అండాలు. మగోళ్ళు లుంగీలు పైకి కట్టుకోని ఉల్లిగడ్డలు తరగతా ఏడస్తా ఉండారు. ఆడోళ్ళంతా వరసగా పోయి వాళ్ళను చూసి నవ్వుకోని వస్తా ఉండారు. అదొక వేడుక.

మొదటి దినం మొదటి పని బియ్యం పోయడం. పందిరి నడిమి పెద్ద చాప పరిచినారు. ఒక్కొక్క సంఘం పేరు పిలిస్తే ఆ సంఘం నుంచి ఒకామె లేచి, కుండో సంచో తెచ్చి ఆ చాపమీద పోయాల. పోసేటప్పుడు అందరూ పాట పాడతారు. కుప్ప పెరగతా పెరగతా వస్తాది. ఎర్రవి, తెల్లవి, లావువి, సన్నవి అన్నీ కలిసిపోతాయి.

మా సంఘం పేరు పిలిచినారు. మాయమ్మ లేచింది. నీలిమందు పెట్టిన తెల్లచీర, తలమీద కుండ. నేను పిలకాయల చాపమీద ముందర వరసలో ఉండా. పాట ఎత్తినారు. మాయమ్మ వంగి కుండ ఒంచింది. బియ్యం సర్రున జారినాయి. జారి నిలిచిపోయినాయి. మాయమ్మ ఇంకా బరువుందే అనుకోని కుండను గట్టిగా విదిలించింది. దబ్బుమని ఒక ముద్ద పడింది. కుండ అడుగు ఎట్లుంటుందో అట్లనే గుండ్రంగా, తడిగా, తెల్లగా, అచ్చు తీసినట్టు. ఉప్పు.

పాట మొదటి వరసలో ఆగింది. వెనక వరసలోళ్ళు ఇంకా రెండు మాటలు పాడి ఆపినారు.

మా పెద్దమ్మ లేచి నిలబడింది. "నేను చెప్తే ఎవురు ఇన్నారు? వీధి బియ్యం తినేసి ఉప్పు పోసింది! పిల్లల కడుపులు కొట్టుకోని వేసిన పిడికిళ్ళవి. ఉప్పుకుండ! ఉప్పుకుండను తెచ్చి దేవుని ముందర ఒంచింది!"

ఆడోళ్ళు గుసగుస మొదలుపెట్టినారు. సభకు పెద్దగా ఉండే టీచరమ్మ మంచి మనిషి. సర్దుదామని, "పోనీలేమ్మా, ఉప్పు గురించి కూడా వాక్యంలో ఉండాది గదా" అని నవ్వబోయింది. మాయమ్మ నవ్వలా. నిదానంగా తల ఎత్తింది. ఎత్తి నా పక్క చూసింది. ఒక్క గడియ, అంతే.

నేను తల ఒంచి ఇసకలో వేలితో గీతలు గీసినా.

మాయమ్మ చెప్పింది, "కుండ నా ఇంట్లో ఉండింది. పూచీ నాదే. ఉప్పుతో సరిపెట్టొద్దమ్మా, నేను తేవలసింది బియ్యం. మళ్ళొచ్చే ఏడు తెస్తా. ఈ మూడు దినాలు వీళ్ళ బువ్వ ఊరికే తిన్ను, పొయ్యికాడ పని చేసి తింటా."

"ఆడోళ్ళు పొయ్యికాడికి పోకూడదు" అనింది టీచరమ్మ.

మాయమ్మ ఆ ఉప్పుముద్దను రెండు చేతులా ఎత్తి, దానికి అంటిన బియ్యం గింజల్ని చాపమీదికి ఊది, ఒళ్ళో వేసుకోని నడిచి పోయింది. తెల్లచీర ముందుపక్కంతా తడిసింది.

పొయ్యికాడ మగోళ్ళకు పెద్దగా ఒక హార్బరు కూలీ ఉండినాడు, కొండంత మనిషి. ఆయన అడ్డమొచ్చి, "ఏమ్మా, కట్టడి తెలీదా? ఆడమనిషి రాకూడదు" అనినాడు. "నేను ఆడమనిషిని కాదులేన్నా. ఉప్పుకుండను. ఇప్పుడే పేరు పెట్టినారు. ఏడ పెట్టమంటావు ఇది?" అని ఒళ్ళో ముద్ద చూపించిందంట. ఆయన తరువాత ఆ మాట చెప్పి చెప్పి నవ్వేవాడు. "ఆ దినం మేము ఉప్పు తేవడం మర్చిపోయినాం. కొట్టుకు పరిగెత్తబోతా ఉంటే ఈయమ్మ వచ్చింది" అని.

పందిట్లో బోధకురాలి ప్రసంగం, పాటలు, నాటకం. నా చెవికి ఏదీ ఎక్కలా. నా పక్కన మాయమ్మ చాప ఖాళీగా ఉండాది. పెద్దమ్మ దానిమీద తన సంచి పెట్టుకోనింది. మధ్యాన్నం ఆకులేసి మగోళ్ళు వంగి వంగి వడ్డించినారు. "ఇంకొంచెం ఎయ్యన్నా" అంటే వేసినారు. మాయమ్మ చెప్పిందంతా నిజమే. అది మాత్రం ఆ వరసలో లేదు.

మరుసటి దినం బువ్వ తింటా ఒక ముసలామె, "ఇదేంది ఈసారి పలుకు లేదే!" అనింది. ఎప్పుడూ ఆ కలగలుపు బియ్యం ఒక గింజ మెత్తనైతే ఇంకో గింజ పంటికింద కటుక్కుమనేది. నీళ్ళు ఇంకినాక మంట లాగేసి, మూతమీద నిప్పులు పోసి, తడిగోనె కప్పి మగ్గబెట్టమని మాయమ్మ చెప్పిందంట. ఆడోళ్ళు మగోళ్ళను మెచ్చుకున్నారు. మగోళ్ళు మీసాలు దువ్వుకున్నారు.

మూడోదినం మధ్యాన్నం నేను ఉండబట్టలేక పొయ్యికాడికి పోయినా. మాయమ్మ బోర్లించిన గంపమీద కూచోని, అండా అడుగున మాడిన బువ్వ గీకి తింటా ఉండాది. చీర మసి. నన్ను చూసి ఒక మాడుముక్క ఇచ్చింది. కరకరలాడతా, రొంత చేదు, పొగ వాసన.

"మా, నేనే" అని మొదలుపెట్టి ఏడిచినా.

"తెలుసు" అనింది.

"ఎట్లా?"

"నీ చేతికి చీమలు పట్టుంటే దినమూ తుడిచింది నేనే గదా. అప్పుడు అర్థం కాలా. ఉప్పు పడినప్పుడు అర్థమైంది."

"మరి ఎందుకు చెప్పలా?"

మాయమ్మ మాడు నమిలి మింగింది. "నువ్వు లేస్తావేమోనని చూసినా" అనింది.

కొట్టుంటే బాగుండేది.

"ఇప్పుడు పోయి పెద్దమ్మకు చెప్పు మా" అని కొంగు పట్టుకున్నా.

"నేనెందుకు చెప్తా? తీసిన చెయ్యి నీది, చెప్పే నోరూ నీదే. నీకు ఎప్పుడు చేతనైతే అప్పుడు చెప్పుకో. నేను మాత్రం ఈ జన్మకు చెప్పను." అనేసి నా ముక్కు తుడిచింది. మళ్ళీ ఆ మాట ఎత్తలా. నిజంగానే ఎత్తలా.

ఇంటికొచ్చినాక నాకొక చట్టి ఇచ్చింది. నా వంతు బియ్యంలో నుంచి నా చేత్తో పూటకొక పిడికెడు. ఏడాదంతా. నా ఆకులో బువ్వ ఎంత తగ్గుతాదో నాకు తెలిసింది. జవ్వుమిఠాయి ఆయన వస్తే తలుపేసుకోని చెవులు మూసుకునేదాన్ని. కుండ పెద్దమ్మ ఇంటికి పోయింది. నా చట్టి నా తలకాడ ఉండింది.

మళ్ళీ మహాకూటం వచ్చింది. పెద్దమ్మ కుండ పోసినాక, వెనకాల నేను నా చట్టి ఎత్తుకోని పోయి ఒంచినా. కడదాకా బియ్యమే. ఆ దినమే చెప్పాలనుకున్నా. నాలుక మీదికి వచ్చింది. ఎదురుగా అన్ని వందల మొకాలు చూసినా. భయపడినా. ఇంకేం సాకు లేదు, భయమే. పోయి కూచున్నా.

మాయమ్మ మాత్రం ఆ ఏడు మూడు దినాలూ కూచోనింది. కాళ్ళు చాపుకోని, గోడకు ఆనుకోని. హార్బరాయన పనిమాలా వచ్చి దాని ఆకులో రెండు మాంసం ముక్కలు ఎక్కువేసి, "తినమ్మా ఉప్పుకుండా" అనినాడు. ఆయన నోట ఆ పేరు ముద్దుగా ఉండింది. తిని, సాయంత్రం ప్రసంగంలో గురక పెట్టి నిద్రపోయింది. పక్కామె గిల్లబోతే నేను చెయ్యి పట్టుకున్నా. పడుకోనీ.

మిగతా వాళ్ళ నోట ఆ పేరు ముద్దుగా లేదు. వీధిలో ఏది పోయినా, "ఉప్పుకుండను అడగండి" అనేవాళ్ళు. మాయమ్మ వినేది, పని చూసుకునేది. నాకు పెండ్లయింది, పిలకాయలు పుట్టినారు, ఆయన పోయినాడు. మళ్ళు పోయినాయి, వీధి పోయింది, మేమంతా తలా ఒక దిక్కుకు చేరినాం. మాయమ్మ పోయిన దినం పెట్టె ముందర ఎవురో ముసలామె, "పాపం ఉప్పుకుండ" అనింది. అప్పుడైనా చెప్పినానా? లేదు. పెద్దమ్మ కూడా మాయమ్మ తినేసిందనే నమ్మి పోయింది.

ఇంత కథ మనసులో తిరగతా ఉండాది మొన్న ఆ చల్లటి హాల్లో. మధ్యాన్నం సాక్ష్యాలన్నారు. ఒకామె జబ్బు నయమైన సంగతి చెప్పింది, ఇంకొకామె కొడుక్కు ఉద్యోగం వచ్చిన సంగతి చెప్పింది. "ఇంకెవరైనా లేస్తారా?" అని అడిగింది మైకులో ఆమె.

లేస్తారా అనింది.

లేచినా. అక్క నా చీర పట్టి లాగింది, "ఎక్కడికే? బాత్రూము అటుపక్క." నేను విదిలించుకోని పోయి మైకు పట్టుకున్నా. నా గొంతుకు మైకు అక్కర్లేదు, అయినా పట్టుకున్నా.

"నాకు ఏ జబ్బూ నయం కాలా" అన్నా. "నాకొక బాకీ ఉండాది. మాయమ్మను అరవై ఏండ్లు ఉప్పుకుండ అన్నారు. ఇదే పురసవాక్కంలో, ఇట్లాంటి కూటంలోనే ఆ పేరు పెట్టినారు. బియ్యం తీసింది నేను. ఉప్పు పోసింది నేను. చేతికి చక్కెర గడియారం కట్టుకోను తీసినా. మాయమ్మ ఒక్క గింజ ముట్టలా. తెలిసీ నోరు మూసుకోని, వచ్చిన మూడు దినాల సుఖాన్నీ పొయ్యిలో పెట్టుకోనింది. మా అక్క ఆడ కూచోనుండాది. అక్కా, విను. పెద్దమ్మకు చెప్పలేకపోయినా, నీకు చెప్తా ఉండా."

సగంమంది పిల్లలకు నా తెలుగు అర్థం కాలేదనుకుంటా, పక్కనోళ్ళు అరవంలో చెవిలో చెప్తా ఉండారు. అర్థమైనాక ఎవురో "స్తోత్రం" అనినారు. నేను దిగి వచ్చి నా కుర్చీలో కూచున్నా. ఎందుకు ఇన్నేండ్లు భయపడినానో నాకే తెలీలా.

అక్క ఎదురుగా చూస్తా ఉండాది. తరువాత మెల్లగా, "ఆ గడియారం నీకు ఊరికే ఇచ్చినాడని చెప్పినావు గదే నాకు" అనింది.

"అబద్ధం చెప్పినా."

"నేను వారం దినాలు వాడి వెనకాల తిరిగినా. నాకు ఒక ముల్లు కూడా పెట్టలా దొంగనాకొడుకు" అనింది. అని కొంగుతో కండ్లు తుడుచుకోనింది. "మాయమ్మ నోరే గదే ఆ పేరు పెట్టింది" అనింది, మా పెద్దమ్మను తల్చుకోని. నేను దాని మోకాలిమీద చెయ్యేసినా.

డబ్బాలు వచ్చినాయి. మూత తీస్తే బిర్యానీ, గింజకు గింజ అంటకుండా, అంతా ఒకటే పొడవు బియ్యం. బాగానే ఉండింది. ఉప్పే రొంత తక్కువ. కాళ్ళు చాపుకోని కూచోని తిన్నా. లెయ్యబళ్ళా.

పొద్దున వాకిట్లో పేరు రాసుకున్న పిల్ల మా దగ్గరికి వచ్చింది, ఇంకొక పిల్లను వెంటబెట్టుకోని. "ఈ పాటీ ఎవరో నీకు చెప్తానన్నా గదా" అని ఏదో అనబోయి, నా పక్క చూసి మొహమాటపడి ఆగిపోయింది.

మా అక్క డబ్బా కింద పెట్టింది. గొంతు సర్దుకోనింది. నా భుజంమీద ఒకటి కొట్టి, ఆ పిల్లతో చెప్పింది:

"ఇదే మ్మా, ఉప్పుకుండ."

కూతురు అనలా.